లారీ కిట్లలో మిగిలిన ముక్కలు

మా ఇంట్లో లారీలు కట్టింది నేను. పేరు తెచ్చుకున్నది మా ఆవిడ. ఈ మాట ఇప్పుడు స్థిమితంగా రాయగలుగుతున్నాను గానీ, ఆ రోజుల్లో ఇది తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

అప్పట్లో మేం సత్తెనపల్లిలో అద్దెకుండేవాళ్ళం. నేను అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారిని. మా ఆవిడ ఆరేడు కిలోమీటర్ల అవతల ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరు. ఐదు తరగతులకీ కలిపి ఇద్దరే టీచర్లున్న బడి అది. నేను పదో తరగతికి చెప్తాను, ఆమె ఒకటో తరగతికి చెప్తుంది. పైకి ఎప్పుడూ అనకపోయినా ఆ తేడా నా లోపల ఒక కుర్చీ వేసుకుని కూర్చునే ఉండేది.

మా ఆవిడ అన్నయ్య ఓడల్లో ఇంజనీరు. సెలవు మీద వచ్చినప్పుడల్లా అందరికీ సెంట్లూ చాక్లెట్లూ తెచ్చేవాడు. తొంభై ఏడులోనో ఎనిమిదిలోనో, నాకు మాత్రం ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు.

"రోడ్డు మీద లారీ పోతుంటే మీరు మాట మధ్యలో ఆపి చూస్తారు కదా బావగారూ. సింగపూర్‌లో ఇది కనపడగానే మీరే గుర్తొచ్చారు" అన్నాడు.

నిజమే. మా ఊరు రోడ్డు పక్కన. గుంటూరు యార్డుకు టిక్కీలనే మిర్చి బస్తాలు వేసుకుపోయే లారీలూ, పిడుగురాళ్ల నుంచి సున్నం పూసుకున్నట్టు తెల్లగా వచ్చే లారీలూ చూస్తూ పెరిగినవాణ్ణి. పెట్టె తెరిస్తే అందులో లారీ లేదు. లారీకి కావలసినవన్నీ ఉన్నాయి. వందకు పైగా చిన్నచిన్న ప్లాస్టిక్ ముక్కలు, కాయలు కొమ్మకు ఉన్నట్టు ఫ్రేములకు అంటుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా కోసి, అరగదీసి, రంగు వేసి, కాగితంలో బొమ్మ చూసుకుంటూ జిగురుతో అతికించాలి. పూర్తయితే మూర కంటే కాస్త తక్కువ పొడుగున, పొడుగాటి ముక్కున్న అమెరికా లారీ తయారవుతుంది.

ఆరు నెలల ఆదివారాలు దాని మీద పెట్టాను. బోర్డులు రాసే పెయింటరు దగ్గర ఎనామెల్ రంగులు చిన్న సీసాల్లో పోయించుకొచ్చాను. చక్రాల పక్కన దుమ్ము పట్టినట్టు కనపడాలని సున్నప్పొడి అద్దాను. చివరికి దాన్ని ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టాను. ఇంటికొచ్చిన మొదటి మనిషి, మా బడి డ్రిల్లు మాస్టారు, దాని వంక చూసి, "పిల్లలు లేకుండానే బొమ్మలు కొనేశారా మాస్టారూ?" అన్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆ మాత్రం కూడా అనలేదు.

అలాంటి కిట్టులో ఒక విశేషం ఉంటుంది. ఒకే పెట్టెతో రెండు మూడు రకాల లారీల్లో ఏదైనా కట్టుకోవచ్చు. అందుకని లారీ పూర్తయ్యాక బోలెడన్ని ముక్కలు మిగిలిపోతాయి. వాడని చక్రాల డిస్కులు, బంపర్లు, పైకప్పు మీద పెట్టే హారన్లు, వెండి పూత పూసిన డీజిల్ ట్యాంకులు, పొగ గొట్టాలు. అవి కాక ముక్కలు కోసేయగా మిగిలిన ఫ్రేముల చువ్వలు. వాటిని పారేయబుద్ధి కాక ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో పోశాను.

మా ఆవిడ ఒకరోజు ఆ డబ్బా మూత తీసి చూసింది.

"ఏవండీ, ఇవి మీకు కావాలా?"

"ఎందుకు?"

"కొవ్వొత్తి మీద కాస్త వేడి చేస్తే ఈ చువ్వలు వంగుతాయేమోనని."

"వంగుతాయి. వంచి ఏం చేస్తావు?"

"అక్షరాలు" అంది.

నాకు నవ్వొచ్చింది. తీసుకో అన్నాను. ఆ మధ్యాహ్నం వంటింటి గడప మీద కూర్చుని కొవ్వొత్తి వెలిగించుకుని, చువ్వలు వంచి అ, ఆ, ఇ, ఈ చేసింది. సాయంత్రానికి అచ్చులన్నీ అయిపోయాయి. ఋ అనే అక్షరం దగ్గర మాత్రం నాలుగు చువ్వలు విరిగాయి, వేలు కాలింది. ఐదోసారి వచ్చింది. పలక మీద రాయమంటే ఏడ్చే పిల్లలు ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడుముతూ నేర్చుకున్నారని వారం తర్వాత చెప్పింది. నేను పేపరు చదువుకుంటూ ఊఁ కొట్టాను.

ఏడాది తిరిగేసరికి బావగారు రెండో కిట్టు తెచ్చాడు. నేను రెండో లారీ మొదలుపెట్టాను. డబ్బా మళ్ళీ నిండింది, ఆమె మళ్ళీ ఖాళీ చేసింది. ఆ ఫ్రేముల్లో ప్రతి ముక్క పక్కనా ఒక చిన్న బిళ్ళ మీద దాని నంబరు అచ్చయి ఉంటుంది. నేను రెండేళ్ళుగా ఆ బిళ్ళలు చూస్తూనే ఉన్నాను. ఆమె వాటిని గోళ్ళు తీసే కత్తెరతో కోసి గుడ్డసంచిలో వేసింది. పిల్లలు సంచిలో చెయ్యి పెట్టి రెండు బిళ్ళలు తీసి, వాటిని కూడి చెప్పాలి. మిగిలిన డిస్కులకి మధ్యలో బెజ్జం ఉంటుంది కదా. మూడు చువ్వలు ఒక చెక్కకు నిలబెట్టి, డిస్కులు గుచ్చి ఒకట్లు, పదులు, వందలు నేర్పింది. డీజిల్ ట్యాంకు రెండు సగాలుగా వస్తుంది. ఆ రెండు సగాల్నీ దారాలతో వేలాడగట్టి త్రాసు చేసింది.

లెక్కల మాస్టారిని నేను. ఒకట్లు పదులు వందలు చెప్పడానికి నా చేతిలో ఉన్న డిస్కులు పనికొస్తాయని నాకు తట్టలేదు. అసూయ అప్పుడే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం దాన్ని వేరే పేర్లతో పిలుచుకున్నాను. "ఇంత అల్లరి పని చేస్తే పాఠాలెప్పుడు చెప్తావు?" అని ఆమెతో అన్నాను. "నా వస్తువులు అడక్కుండా తీస్తున్నావు" అన్నాను. అడిగే తీసేది పాపం.

ఆ త్రాసుతో వాళ్ళ బడిలో పెద్ద ఆటే తయారైంది. మిరప కోతలూ పత్తి తీతలూ మొదలైతే ఆ ఊళ్ళో సగం మంది పిల్లలు అమ్మానాన్నల వెంట చేలకు పోయేవాళ్ళు. ఆమె బడి వరండాలోనే ఒక మిర్చి యార్డు పెట్టింది. పిల్లలు ఇంటి దగ్గర నుంచి గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చుకోవడం, చింతగింజలు తూకపు రాళ్ళుగా పెట్టుకోవడం, తూచి పలక మీద రాసుకోవడం. ఒక మూడో తరగతి పిల్ల కమిషన్ వ్యాపారి వేషం కట్టి, "ఒరేయ్, సరుకులో తేమ ఉందిరా, రేటు తగ్గుద్ది!" అని అరిచేదట. చేలకు పోయే పిల్లలు కూడా ఒకపూట బడికొచ్చి పోవడం మొదలుపెట్టారు.

ఆ సంగతి మండల విద్యాధికారి చెవిన పడింది. టీచర్లు తయారుచేసిన బోధనోపకరణాలతో అప్పట్లో మండలానికొక మేళా పెట్టేవారు. మా ఆవిడకు మొదటి బహుమతి వచ్చింది. నేను కూడా వెళ్ళాను. విద్యాధికారి నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, "మీరేనా ఆ మేడమ్ గారి భర్త?" అన్నారు. హైస్కూల్లో పన్నెండేళ్ళ సర్వీసున్నవాణ్ణి నన్ను అప్పటిదాకా ఎవరూ అలా పరిచయం చేసుకోలేదు.

"ఆ ముక్కలన్నీ నా లారీ కిట్లలోవేనండి" అన్నాను.

"అవునా! పారేసే వాటితో ఎంత పని చేశారో చూడండి మేడమ్ గారు!" అన్నారాయన, నాకు ఆమె గొప్పతనం వివరిస్తున్నట్టు.

వారం తిరక్కుండా మా హెడ్మాస్టరు స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నాడు. "మాస్టారూ, మీ మేడమ్ గారిని ఒక శనివారం మన బడికి పిలుద్దామండి. మన లెక్కల వాళ్ళకి నాలుగు మాటలు చెప్తారు."

మా బడిలో లెక్కల వాళ్ళం ఇద్దరమే. ఒకణ్ణి నేను.

ఆ ఆదివారం ఏం చేశానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మూడో కిట్టు అప్పటికి పూర్తి కావచ్చింది. మిగలాల్సిన ముక్కలన్నీ బల్ల మీద ఉన్నాయి. ఒక్కటి కూడా డబ్బాలో వెయ్యకూడదనుకున్నాను. రెండు హారన్లు చాలిన చోట ఆరు పెట్టాను. బంపరు మీద ఇంకో బంపరు అతికించాను. నాలుగు పొగ గొట్టాలు నిలబెట్టాను. డీజిల్ ట్యాంకులు రెండో జత పెట్టడానికి చోటు లేకపోతే పైకప్పు మీద పెట్టాను. డిస్కులన్నీ వెనక తొట్టిలో వరసగా జిగురు పెట్టి అంటించేశాను. చువ్వల్ని మెలిపెట్టి విరిచి చెత్తబుట్టలో పడేశాను. ఆరు నెలల పని చూస్తుండగానే పెళ్ళికి నగలన్నీ ఒకేసారి దిగేసుకున్న మనిషిలా అయిపోయింది.

మా ఆవిడ టీ తెచ్చి పెట్టి చాలాసేపు దాన్నే చూసింది.

"దీనికి ఆరు హారన్లెందుకండీ?"

"కొన్ని మోడళ్ళకి ఉంటాయి."

"ఓహో" అంది. ఖాళీ డబ్బా వైపు ఒకసారి చూసి లోపలికెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలాకాలం ముక్కలు కావాలని అడగలేదు.

అయినా అప్పటికే చేసినవి ఉన్నాయి కదా. వాటితోనే గుంటూరులో జిల్లా మేళాకు ఎంపికైంది. సామాను మొయ్యడానికి తోడు రమ్మంది. వెళ్ళాను. పెద్ద హాల్లో బల్లలు వరసగా వేసి, ఒక్కో మండలం వాళ్ళకి ఒక్కో బల్ల ఇచ్చారు. మా బల్ల దగ్గరే జనం. అక్షరాలు తడిమి చూసేవాళ్ళు, డిస్కులు తిప్పేవాళ్ళు, త్రాసు తమ బడికి కావాలనేవాళ్ళు. ఆమె ముఖం వెలిగిపోతోంది. నేను వెనక ఖాళీ అట్టపెట్టెకు కాపలా ఉన్నాను.

మధ్యాహ్నం పరిశీలకుడు వచ్చాడు. ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో పాఠాలు చెప్పే పెద్దాయన, నెమ్మదైన మనిషి. ప్రతిదీ చేతిలోకి తీసుకుని చూశాడు.

"చాలా బాగుందమ్మా. ఈ ప్లాస్టిక్ సామానంతా ఎక్కడిది?"

"ఇంట్లో వాడగా మిగిలినవండి" అంది ఆమె.

నేను పెట్టె వదిలి ముందుకొచ్చాను.

"అవి బొమ్మ లారీల కిట్లలోవండి. మన దగ్గర దొరకవు. సింగపూర్ నుంచి తెప్పించాలి. ఒక్కో కిట్టు ఖరీదు ఒక టీచరు జీతంలో సగం దాకా ఉంటుంది."

పెద్దాయన రాస్తున్న పెన్ను ఆపాడు. మేళాకు ఒక నిబంధన ఉంది. పెద్దగా ఖర్చు లేకుండా, ఏ ఊళ్ళోనైనా దొరికే వస్తువులతోనే ఉపకరణాలు చెయ్యాలి. అది నాకు తెలుసు. ముందురోజు ఆ నిబంధనల కాగితం ఆమె నా చేతే పైకి చదివించుకుంది.

"అయితే ఇంకో బడి టీచరు వీటిని చేసుకోవాలంటే ఎలాగమ్మా?" అన్నాడాయన, బాధగానే. ఆయన కాగితం మీద ఏదో కొట్టేసి, ఆమెకు నమస్కారం పెట్టి పక్క బల్లకు వెళ్ళిపోయాడు. బహుమతి ఈతాకులతో గడియారం చేసిన ఒక టీచరుకు వచ్చింది.

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నా గుండెల్లో చల్లగా అనిపించింది. అది దాచిపెట్టి ఈ కథంతా చెప్పి లాభం లేదు.

తిరుగు బస్సులో ఆమె అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఇటివ్వు, నేను పట్టుకుంటాను" అన్నాను. "పర్లేదు" అంది. కండక్టరు పైన పెట్టమన్నాడు. అతనితోనూ అదే మాట అంది. ఇంటికెళ్ళాక కూడా పోట్లాడలేదు. వంట చేసింది, వడ్డించింది, హోంవర్కు పుస్తకాలు దిద్దుకుంది. పోట్లాడి ఉంటే ఎదురు చెప్పడానికి నేను బస్సులోనే పది మాటలు సిద్ధం చేసుకున్నాను. అవన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

తర్వాతి ఆదివారం ఆమె పెరట్లో పత్తికట్టె మోపు విప్పుకుని కూర్చుంది. పత్తి తీసేశాక చేలల్లో పీకి పడేసే ఆ కట్టెను మా వైపు పొయ్యిలోకి వాడతారు. దాన్ని సమంగా కోసి, చువ్వల బదులు నిలబెట్టింది. డిస్కుల బదులు సోడా మూతలకు బెజ్జాలు పెట్టింది. కొబ్బరి చిప్పల త్రాసు చేసింది. నంబర్ల బిళ్ళలకు చింతగింజల్ని నేలకేసి అరగదీసి, తెల్లటి వైపు సిరాతో అంకెలు వేసింది. ఏ ఊరి టీచరైనా చేసుకోగలిగేవి అవి. నా వస్తువుతో అవసరమే లేకుండా పోయింది. నా ముక్కలు వాడుకుని పేరు తెచ్చుకుంటోందని ఇన్నాళ్ళూ ఉడికిపోయానా, ఇప్పుడవి అక్కర్లేదన్నందుకు అంతకు రెట్టింపు ఉడికిపోయాను.

బావగారు తెచ్చిన నాలుగో కిట్టు విప్పకుండా అటక మీదే ఉంది. తీసి, ఏవో నాలుగు ముక్కలు కోసి, ఆమె పక్కన పెట్టాను.

"ఇవి మిగిలిపోతాయి. కావాలంటే తీసుకో."

"వద్దండి. ఇప్పుడు వాటితో పని లేదు" అంది. కోపంగా కూడా అనలేదు.

ఆ శీతాకాలం ఆమెకు జ్వరం తగిలింది. సెలవు చీటీ ఇవ్వడానికి సైకిలేసుకుని నేనే వాళ్ళ బడికి వెళ్ళాను. అదే మొదటిసారి నేను ఆ బడి చూడడం. దారి పొడుగునా కళ్ళాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు తుమ్ముకుంటూ వెళ్ళి గేటు దగ్గర సైకిలు దిగానో లేదో, వరండాలో ఒక పిల్ల లేచి నిలబడి అరిచింది.

"ఒసేయ్, ముక్కల సారొచ్చాడే!"

నా చుట్టూ ఒక గుంపు మూగింది. "ముక్కల సారెవరు?" అని అడిగాను.

"మీరే సార్! మేళా ఫొటోలో టీచరుగారి పక్కనున్నారు కదా. మీరు ఇంటికాడ లారీలు కడతారంట కదా. ఈ డబ్బాలో ఉన్నయ్యన్నీ మీవే కదా. టీచరుగారు చెప్పారు, మా సారు చాలా ఓపిగ్గా కడతారు, ముక్క విరగ్గొడితే సారు బాధపడతారు అని."

కొబ్బరి చిప్పలది వచ్చినా ఇంకా ఆడుకుంటున్న నా ట్యాంకుల త్రాసు తెచ్చి చూపించారు. ఒక పళ్ళెం పోయి, దాని స్థానంలో బూటు పాలిష్ డబ్బా మూత వేలాడుతోంది. "ఇంకో పళ్ళెం ఉందా సార్?" అని అడిగింది ఆ పిల్ల. ఉంది. మా ఇంట్లో ఒక లారీ పైకప్పు మీద జిగురుతో అతికించి ఉంది.

చీటీ రెండో టీచరు చేతికిచ్చి ఇంటికొచ్చాను. మా ఆవిడ మంచం మీద పడుకుని ఉంది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

"గుంటూరులో ఆ మాట నేను కావాలనే అన్నాను" అన్నాను.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆయన ఎక్కడివి అని అడిగాడు. ఖరీదు అడగలేదు."

నేను తల వంచుకున్నాను. ఆమె, "లారీలు చేసింది మీరని నేను అందరితోనూ చెప్తూనే ఉన్నానండీ. ఇంకేం చెయ్యాలో నాకు తెలీలేదు" అంది.

"నువ్వేం చెయ్యక్కర్లేదు. తప్పు నాది."

"అవును" అంది. ఆ ఒక్క మాటతో నాకు కాస్త ఊపిరాడింది.

ఆమె కోలుకున్నాక, ఆరు హారన్ల లారీని పాత చీరలో చుట్టి బడికి తీసుకెళ్ళాను. ట్యాంకులు కత్తితో ఊడదీసి ఆ పిల్లకు త్రాసు పళ్ళెం ఇచ్చాను. పైకప్పు మీద రంగు ఊడొచ్చింది. పిల్లలు ఆ లారీని నేల మీద దొర్లించారు, తొట్టిలో మిరపకాయలు పోశారు, గుంటూరు యార్డుకు తోలారు. రెండో ట్రిప్పుకే వెనక ఇరుసు విరిగింది. నాకు మనసు చివుక్కుమంది గానీ, బీరువాలో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ అంతసేపు చూడలేదన్నది కూడా నిజం. ఇంతలో మా ఆవిడ గది లోపలి నుంచి వరండాలోకొచ్చింది. అంతే, నా చుట్టూ ఉన్న పిల్లలందరూ లారీ అక్కడే వదిలేసి ఆమె దగ్గరికి పరుగెత్తారు. విరిగిన ఇరుసు చేతిలో పట్టుకుని నేనొక్కణ్ణే మిగిలాను. అసూయ పోయిందనుకున్నాను ఆ క్షణం దాకా.

పోలేదు. తర్వాతి ఏడాది పత్తికట్టె సామానుతో ఆమెకు జిల్లా బహుమతి వచ్చింది. గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లలో ఎన్ని నిజమైనవో నాకే తెలియదు. మొదటిసారి దాటేసిన నేను, హెడ్మాస్టరు ఆమెను మళ్ళీ పిలుద్దామన్నప్పుడు సరేనన్నాను. ఆమె మా స్టాఫ్ రూములో మాట్లాడుతుంటే వెనక బెంచీలో కూర్చుని విన్నాను. బాగా చెప్పింది. నాకంటే బాగా చెప్పింది.

ఆ తర్వాత నుంచి ఇంట్లోకి కొత్త కిట్టు వస్తే, మేళాకు పనికిరాకపోయినా తన బడి పిల్లలకు పనికొస్తాయని పెట్టె ముందు ఆమె తెరిచేది. లోపలి కాగితంలో ముక్కలన్నిటి బొమ్మలూ ఉంటాయి. ఏ మోడలుకు ఏవి అక్కర్లేదో గీతలు కొట్టి చూపిస్తారు. ఆమె పెన్సిలు తీసుకుని, మిగలబోయే వాటి పక్కన టిక్కులు పెట్టేది. నేను ఇంకా ఒక్క ముక్క కొయ్యకముందే తన వాటా తేల్చేసేది. ఆ టిక్కులు చూస్తే నాకు ఒళ్ళు మండేది. అయినా రబ్బరు పెట్టి చెరపలేదు.

ఒకసారి పొరపాటున, నాకు కావలసిన ముక్క పక్కనే టిక్కు పెట్టింది. డ్రైవరు ఎక్కే వైపు ఉండే చిన్న మెట్టు అది. చెప్పబోయాను. ఆమె అప్పటికే దాన్ని దేనికి వాడాలో మాట్లాడుతోంది. చిన్నపిల్లలకు కొలబద్ద మీద జారే ముల్లుగా సరిగ్గా సరిపోతుందట. నేను దాన్ని జాగ్రత్తగా కోసి, అంచులు అరగదీసి ఆమె చేతికిచ్చాను. ఆ లారీని మెట్టు లేకుండానే కట్టి బీరువాలో పెట్టాను.